అఫనాసీ నికితిన్ దక్కను యాత్ర: అశ్వము, వర్షర్తువు

క్రీ.శ. పదునైదవ శతాబ్దమున దక్కనును దర్శించిన విదేశీయులలో రష్యా దేశపు ట్వేరు నగర వర్తకుడైన అఫనాసీ నికితిన్ విశిష్టుడు. ఆతడు రాజదూత కాడు, మతప్రచారకుడు కాడు, పండితుడును కాడు. అమ్ముకొనుటకు ఒక్క మగగుఱ్ఱమును వెంటబెట్టుకొని వచ్చిన సామాన్య వర్తకుడు. ఆతని రచనకు ‘మూడు సముద్రముల కావలి యాత్ర’ అని పేరు. చరిత్ర పాఠ్యగ్రంథములందు ఈ రచన తఱచుగా ఒక్క వాక్యమునకే సాక్ష్యముగ నిలుచుచున్నది: బహమనీ రాజ్యమున ప్రభువులు మిక్కిలి సంపన్నులు, పల్లె ప్రజలు మిక్కిలి దరిద్రులు. ఆ సాక్ష్యము విలువైనదే. కాని గ్రంథము నంతటికిని అదియే సారమని తలచుట ఉచితము కాదు. నికితిన్ ఎప్పుడు బయలుదేరెను, ఎచ్చట ఆగెను, ఎందుల కాగెను, ఎప్పుడు భయపడెను, ఎప్పుడు ఊఱట చెందెను అను ప్రశ్నలకు ఆతని దక్కను యాత్ర తొలి యేటిలో సమాధానము రెండే: ఒకటి గుఱ్ఱము, రెండవది వాన. ఈ రెండింటిని సూత్రముగ గ్రహించి చదివినచో ఆతని రచన వింతల పట్టికగా గాక, దక్కను రాజ్యముల బలమునకును బలహీనతకును మూలమైన ఒక వ్యవస్థను క్రిందినుండి చూపు పత్రముగ కన్పట్టునని నిరూపించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ముందుగ గ్రంథమును గూర్చి కొంత చెప్పవలసి యున్నది. నికితిన్ స్వదేశమునకు మరలుచు స్మొలెన్స్కు నగరమును చేరకమునుపే మరణించెను. ఆతని స్వహస్తలిఖితములైన పుటలు 1475లో మాస్కోకు చేరి, మహారాజు లేఖకుడైన వసీలీ మామిరెవ్ హస్తగతము లయ్యెను. పిదప అవి రష్యను రాజవృత్త గ్రంథములందు చేర్పబడెను. పందొమ్మిదవ శతాబ్ద ప్రారంభమున చరిత్రకారుడు కరంజిన్ ఈ రచనను పండితలోకమునకు ఎఱుకపఱచెను. 1857లో హక్లూయిట్ సంఘము ప్రకటించిన పదునైదవ శతాబ్దపు భారత యాత్రల సంపుటమున దీని ఆంగ్లానువాదము వెలువడెను. యాత్రాకాలమును గూర్చి రెండు మతములు కలవు. నికితిన్ మన దేశమున 1469 మొదలు 1472 వఱకు ఉండెనని పూర్వుల మతము. 1471 మొదలు 1474 వఱకు ఉండెనని 1980లో లియొనీద్ సెమ్యోనొవ్ ప్రతిపాదించిన మతము. నేడు పండితులలో పెక్కుమంది రెండవ మతమునే అంగీకరించుచున్నారు. ఈ వివాదమున ఋతువు చెప్పు సాక్ష్య మెట్టిదో ముందు పరిశీలింతము.

నికితిన్ గుఱ్ఱమునే ఏల తెచ్చెను? వోల్గా నదీముఖమున అస్త్రఖాను చెంత తాతారులు ఆతని సరకును దోచుకొనిరి. చేత మిగిలిన దానితో ఆతడు కాస్పియను సముద్రమును దాటి, పారసీకమున పట్టణము వెంట పట్టణముగ సంచరించి, హొర్ముజు రేవును చేరెను. హొర్ముజు ఆనాడు అశ్వవాణిజ్యమునకు ప్రధాన ద్వారము. హిందూదేశమున గుఱ్ఱములు పుట్టవనియు, అచ్చట ఎద్దులును ఎనుములును మాత్రమే పుట్టుననియు, జనులు వాటినే ఎక్కుదురనియు, వాటిపైననే బరువులు వేయుదురనియు ఆతడు వ్రాసెను. తన గుఱ్ఱమునకు నూఱు రూబుళ్లు పడినట్లును చెప్పెను. అనగా ఆతని మూలధన మంతయు నాలుగు కాళ్లపై నడచుచుండె నన్నమాట.

ఈ గిరాకి ఆకస్మికము కాదు. ఆతనికి దాదాపు రెండు శతాబ్దములకు ముందు మార్కో పోలో, పాండ్యరాజులు ఏటేట వేలకొలది గుఱ్ఱములను సముద్రము మీదుగ కొనుచుండిరనియు, వైద్యము తెలిసినవారు లేమిచేతను, తగని మేత చేతను వాటిలో పెక్కులు ఏడాది తిరుగక మునుపే చచ్చుచుండెననియు వ్రాసెను. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ పదునాఱవ శతాబ్దమున విజయనగర వృత్తాంతమును వ్రాయుచు, సాళువ నరసింహరాయలు గుఱ్ఱములను బ్రతికినను చచ్చినను కొనుచుండెననియు, సముద్రముపై చచ్చిన గుఱ్ఱమునకు తోకను తెచ్చి చూపినచో చాలుననియు తెల్పెను. చచ్చిన జంతువునకు వెల యిచ్చుట వెఱ్ఱి కాదు. ప్రయాణపు నష్టమును రాజే భరింపకున్నచో వర్తకుడు మఱుసటి యేడు రాడు. ఆ వర్తకుడు శత్రువు రేవున దిగును. కృష్ణదేవరాయలు హొర్ముజు గుఱ్ఱములను ఏడాదికి పదుమూడువేలు కొనెనని నూనిజే వ్రాసెను. ఆముక్తమాల్యదలోని రాజనీతి ప్రకరణమున రేవుల పోషణకును, గుఱ్ఱములును ఏనుగులును తెచ్చు దూరద్వీప వర్తకుల ఆదరణకును గల ప్రాధాన్యము మన పాఠకులకు తెలిసినదే. నికితిన్ ఈ మహావ్యాపారమున ఒక్క గుఱ్ఱపు వాటాదారు.

ఇక యాత్రాక్రమము. ఈస్టరు పండుగ మఱుసటి వారమున ఆతడు హొర్ముజునందు గుఱ్ఱములతో నిండిన ఓడ నెక్కెను. మస్కటు, గుజరాతు, ఖంభాతు రేవుల మీదుగ ఆఱు వారములు సముద్రయానము చేసి, కొంకణ తీరమున చౌలు రేవున దిగెను. త్రిత్వదినము మొదలుకొని అచ్చట ‘శీతకాలము’ ఆరంభమైనదని ఆతడు వ్రాసెను. ఆతని శీతకాలము మన వానకాలమే. పోర్చుగీసువారును ఈ ఋతువునకు ఇట్టి పేరే పెట్టిరి. త్రిత్వదినము ఈస్టరునకు నలువది తొమ్మిది దినముల పిదప వచ్చును. మేము గణించి చూడగా ఆ దినము 1469లో మే 21, 1471లో జూన్ 2 అగుచున్నది. ఇవి పాత పంచాంగపు తేదీలు. నేటి పంచాంగమునకు మార్చుటకు తొమ్మిది దినములు కలుపవలెను. అపుడు క్రమముగ మే 30, జూన్ 11 అగును. నైరృతి ఋతుపవనము ముంబయి ప్రాంతమును తాకుట నేడు సామాన్యముగ జూన్ 10, 11 తేదీల ప్రాంతమున. మన రైతులు మృగశిర కార్తెతో ముడివేసికొన్న వానలు ఇవియే. కావున వానల ఆరంభమును బట్టి చూడగా 1471 పొసగుచున్నది.

అయినను మఱియొక లెక్క కలదు. చౌలునుండి పాలికి ఎనిమిది దినములు, పాలినుండి ఉమ్రికి పది, ఉమ్రినుండి జున్నరునకు ఆఱో ఏడో దినములు అని నికితిన్ చెప్పెను. మొత్తము ఇరువదినాలుగు లేదా ఇరువదియైదు దినములు. జున్నరున రెండు మాసములు నివసించి, మరియమాత నిర్యాణ దినమైన ఆగస్టు 15న బయలుదేరితి మని ఆతని వాక్కు. త్రిత్వదినపు వేళకు చౌలున దిగె ననుకొన్నచో, 1469 లెక్కకు జున్నరు నివాసము సరిగ రెండు మాసము లగును. 1471 లెక్కకు ఏడు వారములే అగును. వానల రాక ఏటేట వారము పదిదినములు ముందువెనుకలగుట సహజము. ‘రెండు మాసములు’ అనుట స్థూలమైన మాట యగుటయు సహజమే. కావున ఋతుసాక్ష్య మొక్కటియే ఈ వివాదమును తీర్పజాలదు. పండుగల తిథులు, యుద్ధవార్తలు మొదలగు అన్య ప్రమాణములతో కలిపి చూడవలెను. కాని రెండు లెక్కలును ఒక్క విషయమున ఏకీభవించుచున్నవి. నికితిన్ తన గుఱ్ఱముతో సహ్యాద్రిని ఎక్కినది ఎండలలో కాదు, తొలకరి వానలలో.

చౌలు జున్నరుల నడుమ దూరము సరళరేఖలో సుమారు 120 కిలోమీటర్లు. ఇరువదినాలుగు దినములకు పంచినచో దినమునకు ఐదు కిలోమీటర్లు. దారి వంకరలను లెక్కించి రెట్టింపు చేసినను పది. జున్నరు సమీపమున సాతవాహనుల నాటి నానేఘాటు కనుమ కలదు. నాగనికా శాసనము గలది అచ్చటనే. నికితిన్ మాత్రము తాను ఎక్కిన కనుమ పేరు చెప్పలేదు. ఆ దారి ఏదియైనను, కొంకణపు వరిమడులనుండి పీఠభూమి అంచుకు రాతిమెట్ల వంటి త్రోవ నెక్కవలసినదే. వాన పడిన రాతిపై గుఱ్ఱపు గిట్ట జాఱును. ఎద్దు గిట్ట చీలియుండుటచే పట్టు దొరకును. అమ్మకపు గుఱ్ఱము కాలు విఱిగినచో వర్తకుడు అచ్చటనే బిచ్చగాడగును. ఆతడు దానిపై నెక్కి పోయెనో, కళ్లెము పట్టి నడపించెనో గ్రంథము చెప్పదు. కాని గుఱ్ఱము జున్నరునకు ఆరోగ్యముతో చేరినందులకు ఆతడు దేవుని స్మరించెను. నెలదినముల భయ మంతయు ఆ స్మరణమున అణగియున్నది.

జున్నరున నాలుగు మాసములు రేయింబవళ్లు ఎచ్చట జూచినను నీరును బురదయు అని ఆతడు వ్రాసెను. మన సంప్రదాయమున యతులు చాతుర్మాస్యము పాటించి, ఆ నాలుగు నెలలు ఒక్కచోటనే నిలుతురు. ఈ నియమము ధర్మశాస్త్రమునకే కాదు, నేలకును సంబంధించినది. వర్తకునికిని తప్పలేదు. ఆ దినములలోనే జనులు దున్ని గోధుమ, వరి, సెనగ మున్నగునవి విత్తుచుండిరనియు ఆతడు గమనించెను. రైతునకు పనికాల మైనది బాటసారికి నిర్బంధకాల మయ్యెను.

ఈ నిర్బంధమునందే నికితిన్ అశ్వపోషణను శ్రద్ధతో చూచెను. గుఱ్ఱములకు సెనగలు పెట్టుదురనియు, బియ్యము పప్పు కలిపి వండిన పులగమును చక్కెరతోను నేతితోను కలిపి మేపుదురనియు ఆతడు చెప్పెను. ఇది చదివి కొందఱు నవ్వుకొందురు. పచ్చి గడ్డి మైదానములలో తిరిగి మేయు జంతువును సంవత్సరమున మూడవవంతు కాలము బురదలో కట్టివేయవలసి వచ్చినపుడు, ఎండుమేత తడిసి బూజు పట్టినపుడు, బలమైన మేతను వండి పెట్టుట తప్ప గత్యంతరము లేదు. మార్కో పోలో అపహసించిన వండిన మేతయే నికితిన్ రచనలో ఒక నియత పద్ధతిగా కన్పట్టుచున్నది. సంస్కృతమున జయదత్తుని అశ్వవైద్యకము, నకులుని పేర వెలసిన అశ్వచికిత్సితము, తెనుగున మనుమంచి భట్టు హయలక్షణవిలాసము ఈ విద్యకు శాస్త్రరూప మిచ్చిన గ్రంథములు. మన పరిశోధకులు హయలక్షణవిలాసమును సుళ్లు, వర్ణములు, శుభాశుభములకై మాత్రమే తిరుగవేయుట చాలదు.

వానకాలమున గుఱ్ఱమునకు మేత కొఱత యొక్కటే శత్రువు కాదు. ఎడతెగని తడిలో గిట్టలు మెత్తబడి క్రుళ్లును. జోరీగలు వృద్ధి పొందును. ఆ యీగలవలన గుఱ్ఱమునకు గుఱ్ఱము వ్యాపించు ‘సుర్రా’ అను జ్వరమునకు కారణమైన సూక్ష్మజీవిని గ్రిఫిత్ ఇవాన్స్ అను పశువైద్యుడు 1880లో పంజాబున కనుగొనెను. ఆనాటి వారికి కారణము తెలియదు, ఫలము మాత్రము తెలియును. ఏటేట కొనవలసి వచ్చుటకు యుద్ధములే కాక ఈ మరణములును హేతువు.

జున్నరుననే నికితిన్ యాత్రలో ఘోరమైన ఘట్టము సంభవించెను. ఆ పట్టణాధికారి అసద్ ఖాన్ మహమూద్ గవానునకు లోబడిన ప్రభువు. ఆతడు నికితిన్ గుఱ్ఱమును గైకొనెను. దాని యజమాని ముసల్మాను కాడని తెలిసికొని, మతము మార్చుకొన్నచో గుఱ్ఱముతో పాటు వేయి బంగారు నాణెములు నిత్తుననియు, లేనిచో గుఱ్ఱము పోవుటయే కాక వేయి నాణెములు దండుగ విధింతుననియు చెప్పి, నాలుగు దినములు గడు విచ్చెను. ఈ ఘట్టమును మతవైర మను ఒక్క మాటతో ముగించుట సులభము. కాని ఆ నాలుగు దినములు పడిన తావును గమనింపవలెను. గడువు ఆగస్టు 6 నాటి పండుగతో ముగిసెను. నేటి లెక్కకు అది ఆగస్టు నడుమ. వెనుక పొంగు నదులు, కనుమలు. ముందు నల్లరేగడి బురద. గుఱ్ఱము లేక ధనము లేదు, ధనము లేక మరలుదారి లేదు. ఎండకాల మైనచో పాఱిపోవుటకైన త్రోవ యుండును. ఋతువు ఆతని చెఱసాల గోడ యయ్యెను. పండుగ ముందునాడు ఖురాసాను వాడైన ఖ్వాజా మహమ్మద్ అచ్చటికి వచ్చెను. నికితిన్ మొఱ విని, అధికారి కడకు పోయి, మతమార్పిడి నాపించి, గుఱ్ఱమును విడిపించి యిచ్చెను. నిర్బంధించినవాడును ముసల్మానే, రక్షించినవాడును ముసల్మానే. నికితిన్ దీనిని దైవానుగ్రహముగ తలచెను. కాని ఇటుపై వచ్చు రష్యను వర్తకులను గట్టిగ హెచ్చరింపక మానలేదు. స్వధర్మము, సర్వస్వము అను రెండును ఒక్క జంతువు మెడత్రాటికి చుట్టుకొన్న ఆ దినములే ఆతని గ్రంథమునకు గుండె.

ఆగస్టు 15న బయలుదేరి ఆతడు నెలదినములకు బీదరు చేరెను. సరళరేఖలో దూరము సుమారు 400 కిలోమీటర్లు, దినమునకు పదుమూడు. కనుమల నాటి వేగమునకు ఇది రెండింతలకు పైగా నున్నది. వానలు పూర్తిగ వెనుదీయలేదు. దక్కను పీఠభూమిపై భాద్రపద వర్షములు తక్కువవి కావు. అయినను నేల సమతలము, వాన ఎడతెఱిపి గలది. బీదరునుండి ఆతడు కులంగీరు, గుల్బర్గాల వైపు తిరిగెను. ఆలందులో షేక్ అలాయుద్దీను పేర జరుగు సంతను వర్ణించెను. అది ఏడాదికొకసారి పదిదినములు సాగుననియు, అచ్చటికి ఇరువదివేల గుఱ్ఱముల వఱకు అమ్మకమునకు వచ్చుననియు వ్రాసెను. ఆ సంఖ్యను అక్షరశః గ్రహింప నక్కఱలేదు. గ్రహింపవలసినది దాని కాలము. ఆ ఉత్సవము అక్టోబరు 1 నాటి రష్యను పండుగ వేళ వచ్చుననియు, అప్పటినుండి ఇచ్చట వసంతము ఆరంభమనియు ఆతని వాక్కు. నేటి లెక్కకు అది అక్టోబరు పదవ తేదీ ప్రాంతము. అనగా మన విజయదశమి దినములు.

ఈ పొంతన కాకతాళీయము కాదు. వానలు వెలిసి, బాటలు గట్టిపడి, గడ్డి ఎదిగిన వేళ సేనలు కదలును. సేనలు కదలకమునుపే గుఱ్ఱములు అమ్ముడుపోవలెను. విజయనగరమున మహానవమి దినములలో అలంకరించిన అశ్వములను రాజు ఎదుట నడపించు వేడుకను పోర్చుగీసు యాత్రికుడు పేస్ వర్ణించెను. అది పూజయు, సైన్యపరీక్షయు. ఆ కాలముననే మహమూద్ గవాన్ కొంకణ దుర్గములపై దండెత్తినపుడు, వానలు ముంచుకొని రాగా ముట్టడి మాని కొల్హాపురమునకు మరలి, సేనను పాకలలో నిలిపెనని ఫిరిస్తా చరిత్ర చెప్పుచున్నది. గుడ్డ డేరా నాలుగు నెలల వానకు ఆగదు. మహామంత్రి సైన్యమునకును, ఒంటరి వర్తకుని గుఱ్ఱమునకును ఆ ఋతువున ఒక్కటే శాసనము.

ఇరువదివేల గుఱ్ఱముల సంత వర్ణించిన నికితిన్ తన గుఱ్ఱమును అందు అమ్మలేదు. నవంబరు నడుమ బీదరునకు మరలివచ్చి, క్రిస్మసు వేళ అచ్చట అమ్మెను. సరకు వెల్లువైన చోట వెల పడిపోవుట సహజము కావున, సంత చెదరినదాక వేచియుండె నని మా యూహ. ఏడాది పాటు మేపితి ననియు, దానిపై అఱువది యెనిమిది ‘ఫుతూనులు’ వ్యయమైన వనియు ఆతడు లెక్క వ్రాసెను. లాభ మెంతయో చెప్పలేదు. మేత లెక్కను మఱువక వ్రాసినవాడు లాభమును వ్రాయకుండుట గమనింపదగినది.

గుఱ్ఱము చేయి విడిచినతోడనే రచన స్వరము మాఱుచున్నది. అంతవఱకు అధికారులు, సుంకములు, మేత. ఇటుపై మనుష్యులు. ఖ్వాజా యూసుఫ్ ఖురాసానీ అను పేరున తిరుగుచుండినవాడు, బీదరున హిందువులతో చెలిమి చేసి తన నిజమైన మతమును వారికి వెల్లడించెను. వారును తమ భోజన నియమములను, పూజలను, ఇంటి స్త్రీలను ఆతని యెదుట దాపలేదు. వారితో కలిసి ఆతడు ‘పర్వతము’ అను క్షేత్రమునకు పోయెను. అది మన శ్రీశైలమే. ఉత్సవము శివరాత్రి. దానిని ఆతడు వారి జెరూసలేముగ పేర్కొనెను. ఆలయము ట్వేరు నగరమున సగ మున్నదనియు, రాతిపై శిల్పములు వరుసలు వరుసలుగ చెక్కబడినవనియు, నల్లరాతి నంది గిట్టలను జనులు ముద్దిడుకొని పూలు చల్లుదురనియు, యాత్రికులు తలలు గొఱిగించుకొందురనియు వ్రాసెను. 1515లో కొండవీటిని గెలిచి కృష్ణదేవరాయలు శ్రీశైలమును దర్శించుటకు నాలుగు దశాబ్దములకు పైగా ముందటి ప్రత్యక్ష సాక్ష్యము ఇది. తెలుగునాటి చరిత్రకు దీని విలువ వేఱుగ చెప్ప నక్కఱలేదు.

బీదరునుండి శ్రీశైలమునకు నెల ప్రయాణ మని ఆతడే చెప్పెను. దూరము సరళరేఖలో 250 కిలోమీటర్లే, దినమునకు ఎనిమిది. వాన లేదు, బురద లేదు, అయినను మందగమనమే. దీనిని బట్టి నెమ్మది అంతయు వానవలననే యని మేము వాదింపము. యాత్రికుల గుంపు అడవిదారిన, ఆడువారితో, బండ్లతో పోవు వేగము అంతే. అట్లయినను సహ్యాద్రి యెక్కుటయే మూడింటిలో మిక్కిలి మందమైనది. శ్రీశైలమున మనిషికి ఇంత, గుఱ్ఱమునకు ఇంత అని సుంకము గైకొనుచుండిరనియు, గుఱ్ఱపు సుంకము నాలుగు ఫుతూనులనియు ఆతడు చేర్చెను. ఆనాటికి ఆతనికి గుఱ్ఱము లేదు. అయినను గుఱ్ఱపు సుంకము వ్రాయుట మానలేదు. ఏడాది మోసిన చింత అంత త్వరగ వదలదు కదా!

ఈ సాక్ష్యమునకు హద్దులును కలవు. హిందూదేశమున గుఱ్ఱములు పుట్టవను మాటను యథాతథముగ గ్రహింపరాదు. జున్నరునకు దక్షిణమున భీమానదీ తీరమున పెంపొందిన భీమథడి తట్టువలు పిదపటి శతాబ్దములలో మరాఠాల దండుకు ఆధారము లయ్యెను. నూనిజు సైతము దేశవాళీ గుఱ్ఱముల కొనుగోలును పేర్కొనెను. నికితిన్ చెప్పినది పెద్ద యుద్ధాశ్వముల మాట. ఇక మరాఠాలు చిన్న తట్టువతో, తేలిక సరంజామాతో కొండలలో నెగ్గుకొని వచ్చుట ఈ వ్యవస్థకే ప్రతిక్రియ. రేవు లేనివాడు స్థానిక జంతువును వెదకుకొనెను.

ఇంతవఱకు పరిశీలించిన దానివలన తేలిన విషయమును సంగ్రహింతుము. బహమనీ విజయనగర రాజ్యములు రెండును తమ సైనికబలమునకు ప్రధానమైన అంగమును తమ నేలపై పుట్టించుకొనలేకపోయెను. ఆ నేల, ఆ వాన దానిని నిలువనీయలేదు. కావున హొర్ముజునుండి చౌలు, గోవా రేవుల వఱకు సాగు ఓడదారి ఆ రాజ్యములకు ఊపిరి యయ్యెను. 1472లో మహమూద్ గవాన్ గోవాను పట్టుకొనుటయు, 1510లో పోర్చుగీసువారు దానిని స్వాధీన మొనర్చుకొనిన పిదప గుఱ్ఱముల కొఱకై రాజు లెల్లరు వారి మొగము చూడవలసి వచ్చుటయు ఈ దృష్టితో చూడవలెను. రాజుల శౌర్యమును, మంత్రుల బుద్ధిని లెక్కించు చరిత్ర ఆ గుఱ్ఱమును ఎవడు తెచ్చెను, ఏ వానలో తెచ్చెను, ఏమి పెట్టి బ్రతికించెను అని అడుగుట అరుదు. నికితిన్ ఆ ప్రశ్నలకు జవాబు చెప్పగల సాక్షి. మన అశ్వశాస్త్ర గ్రంథములను, శాసనములలోని సుంకముల పట్టికలను, ప్రబంధములలోని వర్షర్తు వర్ణనములను ఈతని పుటలతో సరిపోల్చి చదువు పని తెలుగు పరిశోధక విద్యార్థులకు మిగిలియున్నది. ఆ పనికి పూనుకొనువారు మాసములను, కార్తెలను, రేవులను, మేతను ఒక్క పటముపై ఉంచుకొని ఆరంభించుట మేలు.